ఇందులో ఏం కలిపావు

బైండింగ్ షాపు మేడమీద ఇల్లు,
ఆదివారం ఉదయం

చెల్లాయికి,

నా ఉత్తరం చూడగానే ఎవరికేమైందోనని కంగారు పడకు. అందరం బాగానే ఉన్నాం. అందరం అంటే ఎంతమందిమి, నేనూ నా కూతురూ. మీ వదిన పోయి ఈ చలికాలానికి ఐదేళ్ళు.

తల ప్రాణం తోకకొస్తోంది నాకు. అమ్మాయి నిరుటి నుంచి వీగన్ అయిందని నీకు తెలిసిందే. నీ మేనకోడలు కదా, అన్నీ నీ పోలికలే. మాంసం లేదు, గుడ్డు లేదు, పాలు, పెరుగు, వెన్న, ఆఖరికి తేనె కూడా లేదు. తేనెటీగల తరఫున కూడా ఈవిడే వకీలు. సరే, పదిహేడేళ్ళ పిల్ల, నాలుగు రోజులుంటే అదే పోతుందిలే అనుకున్నాను. పోలేదు. దాన్నైనా ఓర్చుకుంటున్నాను. ఓర్చుకోలేనిది ఇంకొకటుంది. రెండు నెలల నుంచి నాతో కలిసి తినడం మానేసింది. తనకంటూ ఒక చిన్న గిన్నె, ఒక గరిటె కొనుక్కుంది. కాలేజీ నుంచి రాగానే స్టవ్ దగ్గర నిలబడి ఏదో ఉడికించుకుని, గిన్నెతో సహా గదిలోకి వెళ్ళి గడియ పెట్టుకుంటుంది. తిన్నాక గిన్నె తనే కడిగి మళ్ళీ గదిలోనే దాచుకుంటుంది. నేను బల్ల దగ్గర ఒక్కణ్ణే కూర్చుని గోడ గడియారాన్ని చూస్తూ భోంచేస్తున్నాను.

ఎందుకిలా అని అడిగితే ముఖం మాడ్చుకుని వెళ్ళిపోతుంది. ఎందుకో నాకేం తెలుసు. ఈ వయసు పిల్లలకి కారణాలుంటాయా.

నువ్వు హాస్టల్లో రోజూ రెండొందల మందికి వండుతావు. పద్దెనిమిదేళ్ళుగా నువ్వూ వీగన్‌వే. నాకు పుస్తకాలు కుట్టి అట్టలు వేయడం వచ్చినంత బాగా ఇంకేదీ రాదు, వంటంటే ఏదో పూట గడుపుకునేంత. అందుకని ఓ మూడు వంటలు వివరంగా రాసి పంపు. గడ్డి నమిలినట్టు ఉండకూడదు. పండగకి ఇంకా రెండు నెలల పైనే ఉంది. ఆ రోజైనా నా ఎదురుగా కూర్చుని ఒక ముద్ద తింటే నాకంతే చాలు. కానుక ఏమివ్వాలో కూడా చెప్పు. మీ వాళ్ళకి ఏమిచ్చినా తప్పే అని విన్నాను.

నీ అన్నయ్య


హాస్టల్ వంటగది వెనక వరండా,
గురువారం, మధ్యాహ్నం గిన్నెలు కడిగాక

అన్నయ్యకి,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి నమ్మలేక, రెండోసారి నవ్వుకోడానికి, మూడోసారి మా దగ్గర కూరలు తరిగే ఆవిడకి వినిపించడానికి. పద్దెనిమిదేళ్ళలో నువ్వు నన్ను వంట అడగడం ఇదే మొదలు. మా ఇంటికొచ్చినప్పుడల్లా ఈ పూట మేతకేముంది అని అడిగిన మనిషివి నువ్వు. పోనీలే, కూతురు చేతిలో పడ్డాక దారికొచ్చావు.

అన్నిటికన్నా సులువైనది పప్పు సూప్. ఉల్లిపాయ, వెల్లుల్లి, క్యారెట్ నూనెలో ఎర్రగా వేయించు. తొందరపడకు, రుచంతా ఆ వేపులోనే ఉంది. ఎర్రపప్పు వేసి మెత్తగా ఉడికించు. జీడిపప్పు నాలుగు గంటలు నానబెట్టి వెన్నలా రుబ్బి ఆఖర్న కలుపు. దించాక నిమ్మకాయ పిండు. మీగడ వేశావా అని అడుగుతారు తిన్నవాళ్ళు.

రెండోది కేకు. ఒక చెంచా అవిసెగింజల పొడిలో మూడు చెంచాల నీళ్ళు పోసి పది నిమిషాలు వదిలెయ్. జిగటగా అవుతుంది, అదే నీ గుడ్డు. సోయా పాలలో నిమ్మరసం పిండితే విరుగుతాయి, కంగారు పడకు, విరగాలి. వెన్న బదులు నూనె. పిండి కలిపేటప్పుడు నీ జిగురు కలిపినట్టు అదే పనిగా కలపకు, కేకు సాగుతుంది. మూడోది పండగ పూటకి: బంగాళాదుంపలు ఉడికించి చిదిమి, మధ్యలో మిరియాలతో వేయించిన పుట్టగొడుగులు పరిచి, పైన రొట్టె పొడి చల్లి ఓవెన్‌లో పెట్టు. అన్నట్టు శనగలు ఉడికించిన నీళ్ళు పారబోయకు. చల్లారాక గిలక్కొడితే గుడ్డు తెల్లసొనలా నురగొస్తుంది. పంచదార వేసి కేకు మీద పూసుకోవచ్చు.

కానుకల విషయంలో నీ మీద నాకు నమ్మకం లేదు. కొనేముందు దేనితో చేశారో అడుగు. ఉన్ని వద్దు, పట్టు వద్దు, తోలు అసలే వద్దు. మంచి కత్తి, బరువైన ఇనప పెనం, నూలు ఏప్రన్, రకరకాల గింజలు నింపిన సీసాలు, ఇలాంటివి చూడు. వంట చేసుకునే పిల్లకి వంటసామానే ముద్దు.

కోడలిని అడిగానని చెప్పు.

నీ చెల్లెలు


బైండింగ్ షాపు మేడమీద,
నెల తిరిగాక, సోమవారం

చెల్లాయికి,

నీ అవిసెగింజలకో దండం. మొదటి కేకుతో గోడకి మేకు కొట్టొచ్చు. రెండోది బాగానే పొంగి, నేను తలుపు తీసి చూడగానే అలిగినట్టు కుంగిపోయింది. మూడోది మాత్రం షాపు కేకులా వచ్చింది. శనగల నీళ్ళు నురగైనప్పుడు నమ్మకం కుదరక గిన్నె బోర్లించి కూడా చూశాను. కింద కుట్టుమిషన్ పెట్టుకున్న టైలరమ్మకి రెండు ముక్కలు పంపితే, ఇంకో రెండు అడిగి తీసుకెళ్ళింది. బంగాళాదుంపల వంట కూడా చేశాను. పైన కొంచెం మాడింది, అయినా బాగుంది.

అమ్మాయి ముట్టుకుంటే ఒట్టు. కేకు పక్కన నూనె డబ్బా, సోయా పాల ప్యాకెట్, పిండి సంచీ అన్నీ వరసగా పేర్చి పెట్టాను, చదువుకుంటుందని. వచ్చింది. నిలబడి అన్నీ చదివింది కూడా. వద్దు నాన్నా అని మెల్లగా అని వెళ్ళిపోయింది. మూడు కేకులు, చెల్లాయ్. మూడు ఆదివారాలు. నా చేతులకి కాలిన మచ్చలు తప్ప ఏం మిగల్లేదు. నేను నింపిపెట్టిన మంచినీళ్ళ జగ్గు కూడా సింకులో వంపేసి తనే మళ్ళీ పట్టుకుంటోంది. నీళ్ళలో కూడా ఆవు దాక్కుందా?

ఇక కానుకల సంగతి. ఎర్రటి మఫ్లర్ కొన్నాను, ఇంటికొచ్చి చూస్తే సగం ఉన్ని. వెనక్కిచ్చేశాను. కొవ్వొత్తులు చూశాను, తేనెమైనంతో చేసినవట. బొమ్మలేస్తుంది కదా అని బ్రష్‌లు చూస్తే ఏదో జంతువు వెంట్రుకలన్నాడు. సబ్బు వాసన చూసి అడిగితే మేక పాలన్నాడు. దేంతో చేశారు, దేంతో చేశారు అని అడిగి అడిగి ఆ వీధిలో నేను కనపడితే షాపులవాళ్ళు లోపలికి తప్పుకునే పరిస్థితి వచ్చింది. మిగిలింది గాలి. ఓ చారెడు గాలి పొట్లం కట్టి ఇవ్వనా చెప్పు.

పెనం కొని ఇస్తే ఆ పెనం కూడా పట్టుకెళ్ళి గదిలో పెట్టుకుంటుంది. అది నాకక్కర్లేదు. నాకు పిల్ల బల్ల దగ్గరికి రావాలి. ఇంకో మూడు వంటలు పంపు, ఇంతకన్నా గట్టివి.

నీ అన్నయ్య


హాస్టల్, నా గది,
బుధవారం

అన్నయ్యకి,

ఇంకో మూడు కాదు, ముప్పై పంపినా పనికిరావు. నేను రోజూ రెండొందల పళ్ళాలు వెనక్కి రావడం చూస్తాను. పళ్ళెంలో ఏం మిగిలిందో చూస్తే ఆ పిల్లకి ఏమైందో చెప్పగలను. ఉప్పెక్కువైతే ఒకలా మిగులుస్తారు, ఒంట్లో బాలేకపోతే ఒకలా, కోపమొస్తే ఒకలా. డబ్బాల మీద రాతలు చదివి కూడా వీగన్ కేకు ముట్టని వీగన్ పిల్లని నేనింతవరకు చూడలేదు. జగ్గులో నీళ్ళు వంపేసే పిల్లని అసలే చూడలేదు. ఇది తిండి గొడవ కాదు. నువ్వేదో చేశావు.

ఇంకోటి. మూడు వంటలు రాస్తే కేకు చేశావు, దుంపలు చేశావు. అన్నిటికన్నా సులువైనది సూప్ అని మొదటే రాశాను. అది ఎందుకు చేయలేదు? కనీసం దాని పేరైనా ఎత్తలేదు.

నీకు గుర్తుందో లేదో, నాకైతే నిన్నటిలా గుర్తుంది. నేను ఇవన్నీ మానేసిన మొదటి ఏడు మీ ఇంటికొచ్చాను. నా ఒక్కదానికే వేరుగా బంగాళాదుంప ముద్ద చేశానని వడ్డించావు. మా అన్నయ్య ఎంత మారాడో అని సంబరపడి రెండుసార్లు వేయించుకున్నాను. చేతులు కడుక్కుంటుంటే ఇంటినిండా చుట్టాల ముందు చెప్పావు, అందులో గుప్పెడు వెన్న కలిపానని, ఏమైందిప్పుడు, చచ్చిపోయావా అని. అందరూ నవ్వారు. వదిన ఒక్కతే నవ్వలేదు. ఆ తర్వాత మీ ఇంటికి ఎప్పుడొచ్చినా నా డబ్బా నేనే తెచ్చుకున్నాను. నువ్వు దాన్ని నా చాదస్తం అనుకున్నావు. నేనూ అనుకోనిచ్చాను.

నువ్వు నిజం రాసేదాకా ఒక్క వంట కూడా రాయను.

చెల్లెలు


బైండింగ్ షాపు,
శనివారం

చెల్లాయికి,

ఎప్పుడో పద్దెనిమిదేళ్ళ కిందటి వెన్న ఇప్పుడు తవ్వి తీస్తున్నావా. సరదాకి చేసిన పని. నీకెప్పుడూ ముక్కు మీదే కోపం.

ఒక సాయం అడిగితే నన్ను బోనులో నిలబెట్టావు. లైబ్రరీ వాళ్ళ పాత సంపుటాలు అరవై వచ్చి పడ్డాయి, అన్నిటికీ వెన్నుతోలు మార్చాలి. ఊపిరాడట్లేదు. నీ వంటలు నీ దగ్గరే ఉంచుకో. సూప్ నాకు రాదు, అందుకే చేయలేదు.

అన్నయ్య


హాస్టల్, నా గది,
మంగళవారం

అన్నయ్యకి,

మాట దాటెయ్యడం నీకు చిన్నప్పటి నుంచీ రాదు, ఇంకా నేర్చుకోలేదు.

నేనూ ఒక సంగతి దాచాను. కోడలు నాకు ఉత్తరం రాసి ఇరవై రోజులైంది. పండగ సెలవులయ్యాక మీ ఇంట్లో ఉండనంటోంది. ఇక్కడి కాలేజీకి మారిపోతుందట, మా హాస్టల్లో మంచం దొరుకుతుందా అని అడిగింది. కారణం రాయలేదు. "నాన్న చేతి వంట నేను తినలేను అత్తా. ఎందుకో నాన్నే చెప్పాలి, నేను చెప్తే చాడీ అవుతుంది," అని ఒక్క ముక్క రాసింది. నువ్వు చెప్తావేమోనని ఎదురుచూశాను. కేకుల కబుర్లు, సబ్బుల కబుర్లు రాశావు.

మంచం ఉంది. వార్డెనమ్మని అడిగాను, సరేనంది. ఇంకా పిల్లకి జవాబు రాయలేదు. పండగకి మూడు వారాలుంది. వాళ్ళమ్మ పోయాక ఆ పిల్లకి మిగిలిన ఇల్లు అదొక్కటే, దాన్ని కూడా వదిలేస్తానంటోందంటే ఊరికే అనదు. ఏం చేశావో చెప్పు. చెప్పకపోతే నేను రమ్మని రాసేస్తాను.

చెల్లెలు


బైండింగ్ షాపు మేడమీద,
శుక్రవారం, పని ఎగ్గొట్టి

చెల్లాయికి,

రాస్తాను. చదివాక తిట్టు, ముందే తిట్టకు.

ఎండాకాలంలో అమ్మాయి కాలేజీ మెట్ల మీద కళ్ళు తిరిగి పడిపోయింది. రక్తం తక్కువగా ఉందని డాక్టరమ్మ మాత్రలు రాసింది. గోధుమరంగు మాత్రలు, మూడు నెలలు వాడమంది. మాత్రల మీద నాకు నమ్మకం ఎక్కడుంది. మీ వదిన కూడా గుప్పెడు గుప్పెడు మింగింది కదా. పిల్ల బుగ్గలు లోపలికి పోయి అచ్చం వాళ్ళమ్మ ఆఖరి రోజుల ముఖంలా కనపడింది. టైలరమ్మ ఎముకలు మరిగించిన రసం పట్టించమంది. ఇది తాగదు కదా అన్నాను. తాగదని నువ్వెందుకు చెప్తావు అంది ఆవిడ.

నాకు సూప్ వచ్చు. రోజూ పొద్దున్నే పిల్ల కాలేజీకి వెళ్ళాక ఎముకలు మరిగించి, వడకట్టి, ఆ రసంలో పప్పు ఉడికించేవాణ్ణి. ఎముకలు పొట్లం కట్టి షాపు చెత్తలో, తోలు ముక్కల కింద పడేసేవాణ్ణి. అక్కడైతే వాసన తేడా తెలియదు. నలభై రోజులు, చెల్లాయ్. రోజూ సాయంత్రం నా ఎదురుగా కూర్చుని లొట్టలేసుకుంటూ తాగింది. మా నాన్న నా కోసం వీగన్ సూప్ నేర్చుకున్నాడని స్నేహితురాళ్ళకి చెప్పుకుంది. ఒకమ్మాయి నా ముందే, అంకుల్ మీరు మా నాన్నకి కూడా నేర్పండి అంది. నాకు సిగ్గేసిందంటే అబద్ధం. గర్వంగా ఉండింది.

మళ్ళీ రక్తపరీక్ష చేయిస్తే బాగుందన్నారు. ఆ సాయంత్రమే ఏదో మాట మీద మాట పెరిగింది. నీ తిండితోనే నువ్వు పడిపోయావు అన్నాను నేను, ఆ తిండితోనే బాగయ్యాను అంది అది. ఇక నోరు ఆగలేదు. "నలభై రోజులు ఎముకల రసం తాగావు, ఏమైంది నీకు? అద్దంలో బుగ్గలు చూసుకో," అన్నాను. గెలిచాననుకున్నాను, నిజంగా. వాదన గెలిచినవాడు నవ్వుతాడే, అలా నవ్వాను కూడా.

అరవలేదు. ఏడవలేదు. సింకు దగ్గరికి వెళ్ళి నోరు కడుక్కుంది. కడుక్కుంటూనే ఉంది. ఎంతసేపో నాకు తెలియదు, నేనే అక్కణ్ణించి లేచి షాపులోకి వెళ్ళిపోయాను. మర్నాడు ఆ చిన్న గిన్నె కొనుక్కొచ్చింది.

చేసింది తప్పని సగం మనసుకి తెలుసు. మిగతా సగం ఇప్పటికీ పిల్ల బతికింది కదా అంటోంది. నీకు అబద్ధం రాయను. రెండు సగాల మధ్య నాకు పిచ్చెక్కుతోంది. పంపించకు అనడానికి నాకు మొహం చెల్లట్లేదు. అయినా అడుగుతున్నాను, పండగయ్యేదాకా ఆగు.

అన్నయ్య


హాస్టల్, నా గది,
ఆదివారం

అన్నయ్యకి,

తిట్టుకుంటూ రెండు కాగితాలు రాసి చింపేశాను.

పిల్ల మాత్రలు మింగిందా లేదా? మూడు నెలలూ మింగింది, మాత్రలు అయిపోయినప్పుడే నాకు రాసింది. రక్తం దేనివల్ల పెరిగిందో నీకూ తెలియదు, నాకూ తెలియదు. ఆ మిగతా సగం మనసుకి ఈ సంగతి చెప్పు.

నువ్వు భయపడ్డావు. అది నాకు అర్థమవుతుంది. భయమేస్తోందని పిల్లకి చెప్పొచ్చు, డాక్టరమ్మ దగ్గర కూర్చోబెట్టి మాట్లాడించొచ్చు. పప్పు, ఆకుకూరలు, నిమ్మకాయ ఎంత తినాలో నన్నడిగితే గిన్నెతో కొలిచి చెప్పేదాన్ని. అవేవీ చేయకుండా దాని నోట్లో ఏం పోవాలో నువ్వే తేల్చేశావు. పైగా దాన్ని వాదన గెలవడానికి వాడుకున్నావు. నాకు వెన్న పెట్టిన రోజు కూడా నీకు నా ఆరోగ్యం గురించి బెంగలేదు, చుట్టాల ముందు నవ్వు కావాలి. నాకైతే డబ్బా తెచ్చుకుంటే సరిపోయింది, వచ్చిపోయేదాన్ని కనక. ఆ పిల్ల నీతో ఒకే ఇంట్లో ఉంటోంది. నాన్న చేతిలోది అడగకుండా నోట్లో పెట్టుకునే భాగ్యం దానికి పోయింది. ఆ లోటు తీర్చే కానుక ఏ షాపులోనూ దొరకదు, ఎందుకు వీధులు తిరుగుతావు.

వంటలు నాకొచ్చు గానీ దీనికి మందు నాకు తెలియదు. నీ పనిలో ఒక పద్ధతుంది కదా. బాగుచేసిన ప్రతి పుస్తకంలో ఆఖరి అట్ట లోపల ఒక చీటీ పెడతావు, ఏ జిగురు వాడావో, ఏ దారం వాడావో, ఏ పేజీ అతికించావో. రేపు ఎవరు విప్పినా ముందువాడు ఏం చేశాడో తెలియాలని మీ మేస్త్రీ నేర్పాడని గొప్పగా చెప్పేవాడివి. ముక్కూ మొహం తెలియని వాళ్ళ పుస్తకాలకి అంత నిజాయితీ, సొంత కూతురి గిన్నెకి లేకపోయింది.

కోడలికి జవాబు రాసేశాను. మంచం ఉందని, ఎప్పుడైనా రావచ్చని రాశాను. పండగయ్యేదాకా ఆగమని నేను చెప్పలేదు. ఆగాలో వద్దో అది దాని ఇష్టం. నువ్వు నా మీద పళ్ళు నూరుకున్నా సరే.

చెల్లెలు


బైండింగ్ షాపు మేడమీద,
పండగ వెళ్ళిన ఆరో రోజు

చెల్లాయికి,

పళ్ళు నూరాను, నాలుగు రోజులు. ఐదో రోజు పుస్తకాలు కుట్టే చట్రం ముందు కూర్చున్నాను.

ఖాళీ పుస్తకం ఒకటి కుట్టాను, వంటలు రాసుకోడానికి. జంతువుది ఏదీ ముట్టుకోకూడదని పట్టు పట్టాను. తోలు బదులు నూలు బట్ట. ఎముకల జిగురు బదులు గోధుమపిండి ఉడికించిన జిగురు, దానికోసం గిన్నె కూడా కొత్తది. నార దారం. అంతా అయ్యాక చీటీ రాయడం మొదలుపెట్టాను. వాడిన సామానంతా ఒక్కొక్కటే రాస్తూ దారం దగ్గరికి వచ్చేసరికి పెన్సిల్ ఆగిపోయింది. నా బల్ల మీద తేనెమైనం ముద్ద ఉంటుంది. సూదికి ఎక్కించే ముందు దారాన్ని దానికి రాసి లాగితే చిక్కు పడదు. ముప్పై ఏళ్ళ అలవాటు, చెయ్యి నన్నడగదు. ప్రతి పోగూ దాంట్లోంచే లాగాను. రేపే పండగ. దారం లోపల ఉంటుంది, ఎవరికీ కనపడదు, ఎవరికీ తెలియదు. ఎవరికీ తెలియదు అనే మాట నాకు బాగా అలవాటే. కాసేపు తిట్టుకుని, దారానికి తేనెమైనం రాశాను, పొరపాటున, అని చీటీలో రాసేశాను.

రాశాక చెయ్యి ఆగలేదు. అదే చీటీ వెనక అమ్మాయికి సూప్ సంగతి రాయడం మొదలుపెట్టాను. మొదటి రోజు రెండు ఎముకలు, గంటన్నర మరిగించాను, నువ్వు రెండోసారి వేయించుకున్నావు. పదిహేడో రోజు స్నేహితురాలి ముందు నన్ను పొగిడావు, నేను ఊరుకున్నాను. ఇరవై రెండో రోజు పరీక్ష బాగా రాశానని వచ్చి గిన్నె ఎత్తి తాగేశావు, మర్నాడు ఎముకలు ఎక్కువ వేశాను. ఇలా గుర్తున్నవన్నీ. మామూలుగా అరచేతిలో పట్టే చీటీ నాలుగు కాగితాలైంది. ఆఖర్న నీ వెన్న సంగతి కూడా రాశాను, మొదట మీ అత్తకి ఇలాగే చేశాను, ఇంతవరకు తప్పయిందని చెప్పలేదు అని. ఇప్పుడు నీకూ చెప్తున్నాను. తప్పయింది, చెల్లాయ్.

పండగ రోజు పుస్తకం చేతికిచ్చాను. నిలబడే చీటీ అంతా చదివింది. పుస్తకం పట్టుకుని గదిలోకి వెళ్ళింది. నేను చేసిన దుంపలు నేనే తిన్నాను. మూడు రోజులు గదిలోనే తింది. తలుపు సందులోంచి సగం సర్దిన సంచీ కనపడేది. నాలుగో రోజు కాలేజీ లేని పూట షాపులోకి వచ్చింది. మెట్లు దిగి ఇటు వచ్చి ఎన్ని నెలలైందో. చేతిలో నా పుస్తకం, కుట్లన్నీ కత్తిరించి ఉన్నాయి. కాగితాలు విడివిడిగా నా బల్ల మీద పెట్టి, మళ్ళీ కుట్టు, నేను కూర్చుంటాను అంది. మైనం ముద్ద తీసి కిటికీ అవతల పెట్టింది. స్టూలు లాక్కుని నా మోచేతి పక్కనే కూర్చుంది.

మైనం లేని దారంతో కుట్టడం ఎంత నరకమో నీకేం తెలుసు. నాలుగుసార్లు తెగింది. ఎన్నిసార్లు చిక్కుపడిందో లెక్కలేదు. నాకు ఒళ్ళు మండిపోయి సూది విసిరి కొడదామనిపించింది. పక్కన జైలరులా పిల్ల. తెగిన ప్రతిసారీ కొత్త పోగు తనే కోసి అందించింది. పొద్దున కూర్చున్నవాళ్ళం మధ్యాహ్నం దాటాక లేచాం.

నీ దగ్గరికి ఎప్పుడొస్తుందో నేను అడగలేదు. మంచం తీసేయించకు. అది నీకు విడిగా రాస్తుందట.

ఆ సాయంత్రం పైకి వెళ్ళేసరికి బల్ల మీద రెండు పళ్ళాలున్నాయి. ఆకుపచ్చగా, చిక్కగా ఏదో వండింది, మీద ఏవో గింజలు చల్లింది. చెంచా పట్టుకుని, ఇందులో ఏముంది అని అడిగాను. మామూలుగా ఎవరైనా అడిగేదే.

"తిను నాన్నా. నలభై రోజులయ్యాక చెప్తాను," అంది.

నవ్వులాట కాదు, ముఖం చూస్తే తెలుస్తోంది. అది నా నోటి వంకే చూస్తోంది. అంతసేపు ఒక చెంచా పట్టుకుని నేనెప్పుడూ కూర్చోలేదు, చెల్లాయ్. అప్పుడు తిన్నాను. ఉప్పు బాగా తక్కువైంది. నేను రెండో ముద్ద పెట్టుకున్నాక తనూ చెంచా తీసుకుని, నా ఎదురుగానే కూర్చుని తింది.

ఈ రోజుకి మూడు రోజులయ్యాయి.

నీ అన్నయ్య